దిగులు గొంతులోంచి వచ్చిందా, చెవిలోంచా?

కంటిచూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. తలుపు వేస్తే బయటి చప్పుడేదీ లోపలికి రాని ఒక చిన్న గదిలో, మైకు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నా గొంతు నేనే వింటూ గంటల తరబడి చదవడమే ఈ పని. ఒకసారి నా వంతుకు ఒక హాస్యకథల సంపుటం వచ్చింది. ఇంట్లో రెండుసార్లు చదువుకుని, ఎక్కడ నవ్వు ఆపుకోవాలో పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టుకుని ఉత్సాహంగానే వెళ్లాను. మొదలుపెట్టిన అరగంటకు మాత్రం ఎందుకో మనసు బరువెక్కసాగింది. పొద్దున ఎవరితోనైనా మాటపట్టింపు వచ్చిందా అని ఆలోచించుకున్నాను; రాలేదు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను, అదీ కాదు. మూడో కథ సగంలో ఉండగా అద్దం అవతల కూర్చున్న కుర్రవాడు రికార్డింగు ఆపి, "మేడమ్, ఇవి హాస్యకథలేనా? సంతాపసభలో చదువుతున్నట్టుంది," అన్నాడు.

వెతికితే దొరికిన కారణం చాలా చిన్నది. నాకంటే ముందు ఆ గది వాడుకున్న మనిషి, తనకు వినపడే గొంతు గంభీరంగా ఉండాలని, హెడ్‌ఫోన్స్‌లోకి వెళ్లే ధ్వనికి బేస్ బాగా పెంచి, ట్రెబుల్ దాదాపుగా కోసేసి, శ్రుతిని వెంట్రుకవాసి కిందికి దించి, ఆ అమరికను అలాగే వదిలేసి వెళ్లాడు. ఆ మార్పు నా చెవికి వచ్చే దారిలో మాత్రమే ఉంది; ఫైలులోకి ఎక్కుతున్న గొంతులో లేదు. ఫైలులో ఉన్నది ఏ కల్తీ లేని నా గొంతే. అయినా ఆ గొంతే చప్పబడిపోయి, వాక్యాల చివరలను జారవిడుస్తూ, నవ్వవలసిన చోట నిట్టూరుస్తున్నట్టు వినిపించింది. నాకు దిగులు కలగడానికి కారణమేదీ లేదు. నా గొంతు దిగులుగా నాకు వినిపించింది, అంతే.

ఈ ఒక్క అనుభవం దేనికీ రుజువు కాదని నాకు తెలుసు. ఎవరికైనా ఒక పూట మనసు బాగుండకపోవచ్చు, బాగుండకపోవడానికి తర్వాత ఒక కారణం దొరికితే దానికే అంతా అంటగట్టవచ్చు. నేను కూడా ఆ సంగతిని నవ్వుకుని మరచిపోయేదాన్నే. కానీ ఆ తర్వాత ఒక పరిశోధన గురించి చదివినప్పుడు, అందులోని మనుషుల స్థితి నా స్థితికి ఎంత దగ్గరగా ఉందో చూసి, ఈ విషయాన్ని మొదటినుంచీ మళ్లీ ఆలోచించవలసి వచ్చింది.

ఆ పరిశోధన 2016లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వెలువడింది. పారిస్‌లో సంగీత, ధ్వని పరిశోధనకు పేరుపడిన ఇర్కామ్ సంస్థలో పనిచేసే జాన్-జూలియన్ ఒకుటూరియే, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెటర్ యోహాన్సన్, లార్స్ హాల్, జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయానికి చెందిన కత్సుమి వతనబే, మరికొందరు కలిసి చేశారు. నూరుమందికి పైగా మనుషులను ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి, ఒక కథను పైకి చదవమన్నారు. చదువుతున్నవారి గొంతు హెడ్‌ఫోన్స్ ద్వారా వారికే వినిపిస్తూ ఉంటుంది. కాసేపటి తర్వాత, చెప్పకుండా, కొద్దికొద్దిగా, ఆ గొంతును ఒక సాఫ్ట్‌వేర్ మార్చడం మొదలుపెడుతుంది. కొందరికి సంతోషంగా ఉన్న మనిషి గొంతులా, కొందరికి దుఃఖంలో ఉన్న మనిషి గొంతులా, కొందరికి భయపడుతున్న మనిషి గొంతులా మారుతుంది; పోల్చి చూడడానికి ఏ మార్పూ లేకుండా చదివిన వారు కూడా ఉన్నారు. సంతోషానికి శ్రుతిని కొంచెం పైకి జరిపి, పై ధ్వనులకు మెరుగు పెడతారు. దుఃఖానికి శ్రుతిని దించి, పై ధ్వనులను మసకబారుస్తారు. భయానికి గొంతులో సన్నని వణుకు కలుపుతారు. శ్రుతిలో చేసిన మార్పు అరస్వరం కూడా ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు వారు పెట్టుకున్న పేరు డేవిడ్. 'డా అమేజింగ్ వాయిస్ ఇన్‌ఫ్లెక్షన్ డివైస్' అన్నదానికి అది పొట్టిపేరు. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టేటప్పుడు చూపించే ఈ కుర్రతనం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఫలితంలో రెండు సంగతులున్నాయి, వాటిలో మొదటిదే నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. చదివినవారిలో అత్యధికులు తమ గొంతును ఎవరో మార్చారన్న సంగతినే పసిగట్టలేదు. మార్పు వినపడనంత చిన్నది కావడం వల్ల కాదు; మారిన గొంతులు ఇతరుల చెవికి ఆయా భావాలుగానే వినిపించాయని విడిగా పరీక్షించి చూసుకున్నారు. రెండో సంగతి, వార్తల్లోకి ఎక్కినది: చదవడం ముగిసిన తర్వాత అడిగితే, వారి మనోభావం తమకు వినిపించిన గొంతు వైపుకే జరిగి ఉంది. సంతోషపు గొంతు విన్నవారు కొంచెం సంతోషం వైపు, దుఃఖపు గొంతు విన్నవారు కొంచెం దుఃఖం వైపు. వారి మాటనే నమ్మి ఊరుకోకుండా చర్మపు విద్యుద్వాహకతను కూడా కొలిచారు. లోపల ఉద్వేగం కదిలినప్పుడు చర్మంలో పుట్టే సన్నని చెమటను బట్టి మారే కొలత అది. అది ఏ భావమో చెప్పలేదు గాని, మనిషి లోపల ఏదో కదిలిందని చెప్పగలదు. ఆ కొలతలోనూ కదలిక కనిపించింది.

మొదటి సంగతి ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే మాట వెనుక నడిచే యంత్రాంగం గురించి కొంత చెప్పాలి. మనిషి మాట్లాడేటప్పుడు తన గొంతును తాను వింటూ, దిద్దుకుంటూ మాట్లాడతాడన్నది పాత విషయం. ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే చూపించాడు: చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1950లో బెర్నార్డ్ లీ అనే పరిశోధకుడు మరొకటి చూపించాడు: మన మాటను సెకనులో ఐదోవంతు ఆలస్యంగా మన చెవికే తిరిగి వినిపిస్తే నాలుక తడబడుతుంది, అక్షరాలు సాగిపోతాయి, అనర్గళంగా మాట్లాడేవారికి కూడా నత్తి వచ్చినట్టవుతుంది. ఫోనులో ఎప్పుడైనా మన మాట మనకే ప్రతిధ్వనిగా వెనక్కి వచ్చినప్పుడు నోరు కట్టుబడినట్టు కావడం ఇందుకే. ఇక 1990ల నుంచి వచ్చిన ప్రయోగాలు మరీ ఆశ్చర్యకరమైనవి. ఒక మనిషి 'ఆ' అని సాగదీస్తుండగా అతనికి వినిపించే శ్రుతిని ఉన్నట్టుండి కొంచెం పైకి జరిపితే, సెకనులో పదోవంతు దాటుతుండగానే అతని గొంతు తనంతట తానే కిందికి దిగి ఆ తేడాను సర్దబోతుంది. అతను అనుకుని చేసే పని కాదు అది. కాలు జారబోతే శరీరం తనను తాను నిలబెట్టుకున్నట్టే ఇదీను.

అంటే, ఏ స్వరం పలకాలో, ఏ అక్షరం రావాలో లోపల ఎక్కడో ఒక లెక్క ఉంది. బయటికి వచ్చినదాన్ని చెవి పట్టుకుని ఆ లెక్కతో సరిచూస్తుంది. తేడా ఉంటే దిద్దుతుంది. మరి భావం సంగతి కూడా అంతే అయితే, "నేను ఇప్పుడు మామూలుగా ఉన్నాను, గొంతు మామూలుగానే రావాలి" అన్న లెక్క లోపల ఉంటే, దుఃఖపు గొంతు వినపడగానే తేడా పట్టుబడాలి. "ఇదేమిటి, ఇలా వినపడుతోందేమిటి" అని చదివేవారు ఆగాలి, లేదా తెలియకుండానైనా గొంతును ఎదురు దిశలో సర్దుకోవాలి. అత్యధికులు ఆ రెండూ చేయలేదు. శ్రుతిలో చిన్న తేడాను క్షణంలో దిద్దుకునే మనిషి, తన భావంలో తేడా వస్తే మాత్రం దాన్ని దిద్దకుండా, తనదే అని సంతకం పెట్టేశాడు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ఈ పరిశోధనను తలచుకునే వారు సాధారణంగా "చూశారా, మన మెదడును ఎంత తేలికగా మోసం చేయవచ్చో" అంటారు. నాకు ఆ మాట తప్పుగా తోస్తుంది. మోసం జరగాలంటే లోపల ఒక నిజం ముందే తయారై ఉండాలి, దాన్ని కప్పి మరొకటి చూపించాలి. ఇక్కడ కనిపిస్తున్నది వేరు. భావం అనేది లోపల పూర్తిగా తయారై, తర్వాత గొంతు అనే గిన్నెలోకి ఒంపబడి బయటికి వచ్చేది కాదు. సగం తయారైన స్థితిలోనే బయటికి వచ్చి, చెవి గుండా మళ్లీ లోపలికి వెళ్లిన తర్వాతే ఫలానా భావమని తేలుతుంది. కనీసం కొన్నిసార్లు, కొంత మేరకు. కాబట్టి దారిలో దాన్ని మార్చినవాడు తయారవుతున్న నా భావంలో తానూ ఒక చెయ్యి వేసినవాడవుతాడు.

మన అలంకారికులు ఈ వ్యవహారాన్ని ఎలా చూశారో తలచుకుంటే కుతూహలంగా ఉంటుంది. నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను లెక్కపెట్టింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). గొంతు మారిపోవడం, అంటే స్వరభేదం, అందులో చెమటకూ కన్నీటికీ సరిసమానమైన చోటు సంపాదించుకుంది. మన వాడుకలో కూడా గొంతు పూడుకుపోవడం, గద్గదం కావడం, డగ్గుత్తిక పడడం, జీరబోవడం, గొంతు పెగలకపోవడం అంటూ ఇన్ని మాటలున్నాయంటే, గొంతును చూసి మనసును చదవడం మనకెంత అలవాటో తెలుస్తుంది. అయితే ఈ మాటలన్నిటిలో బాణం ఒకే వైపుకు ఉంది: ముందు దుఃఖం, తర్వాత డగ్గుత్తిక. పైన చెప్పిన ప్రయోగం ఆ బాణానికి రెండో కొనను కూడా చూపిస్తోంది. స్వేదాన్ని కొలిచే పరికరంతోనే స్వరభేదపు ప్రభావాన్ని కొలవడం ఒక చిన్న కాకతాళీయం. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు విని ఉంటే సంతోషించేవాడనుకుంటాను.

బాణాన్ని తిప్పి చూడమన్న మాట కొత్తది కాదు. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లోనే ఆ తలకిందులు లెక్క వేశాడు: మనం దుఃఖపడి ఏడవడం కాదు, ఏడుస్తున్నాం కాబట్టి దుఃఖపడుతున్నాం అని. మరుసటి సంవత్సరమే డెన్మార్క్‌లో కార్ల్ లాంగే దాదాపు అదే మాట చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో డారిల్ బెమ్ అనే మనస్తత్వవేత్త దీన్ని మరింత మామూలు మాటల్లోకి దించాడు. ఎదుటివాడి నడతను చూసి అతని మనసు ఇలా ఉండి ఉంటుందని మనం ఎలా ఊహిస్తామో, లోపలి సూచనలు బలహీనంగా ఉన్నప్పుడు మన మనసును గురించి కూడా అలాగే, మన నడతను చూసే ఊహిస్తామన్నాడు. ఒకుటూరియే బృందం తమ ఫలితాన్ని ఈ బెమ్ వాదానికి బలంగానే చూపించింది.

దీనికి వచ్చే అభ్యంతరాలలో నన్ను బాగా ఇబ్బంది పెట్టినది ఒకటుంది. ఏడుపు గొంతు ఎవరిదైనా వింటే మనకూ కొంచెం దిగులు వేస్తుంది కదా. ఇందులో 'తన' గొంతు కావడం వల్ల వచ్చిన ప్రత్యేకత ఏముంది? ఇది గట్టి ప్రశ్నే. ఇర్కామ్‌లోనే చేసిన మరో పని, 2018లో వచ్చినది, ఈ ప్రశ్నను ఇంకా పదును పెడుతుంది. నవ్వుతూ మాట్లాడేటప్పుడు పెదవులు సాగడం వల్ల గొంతు ధ్వనిలో వచ్చే మార్పును కంప్యూటరుతో మామూలు గొంతుకు కలిపి వినిపిస్తే, విన్నవారి చెంపల్లో నవ్వు కండరాలు తెలియకుండానే కదిలాయి. వినపడిన నవ్వు ఎవరిదైనా ముఖం బదులిస్తుందన్నమాట. అలాగైతే నా గొంతులోని దిగులు నన్ను తాకడం అదే అంటువ్యాధిలో ఒక భాగం కావచ్చు.

కొన్నాళ్లు ఈ అభ్యంతరం దగ్గరే ఆగిపోయాను. తర్వాత నాకు తోచినది ఇది: పరాయి మనిషి దిగులు నన్ను తాకినప్పుడు, అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. "పాపం, ఆమెకు ఏదో కష్టం వచ్చినట్టుంది, వింటుంటే నాకూ బాధగా ఉంది" అని నేను రెండు ఖాతాలు వేరుగా రాసుకోగలను. నా గొంతు విషయంలో ఆ రెండో ఖాతా లేదు. వచ్చిన దిగులంతా నా పేరునే జమ అవుతుంది. ఆ రోజు రికార్డింగు గదిలో నేను పొద్దుటి సంగతులన్నీ తవ్వుకుంటూ కారణం వెతికింది అందుకే. నా దిగులు కాబట్టి కారణం నా జీవితంలోనే ఉండాలి కదా. ఒక ఇయర్‌ఫోను తీగలో కారణం ఉంటుందని ఎవరు అనుకుంటారు? అంటుకోవడంలో పెద్ద తేడా లేకపోవచ్చునేమో గాని, అంటుకున్నదాన్ని ఏం చేసుకుంటామన్న దగ్గర తేడా చాలా ఉంది.

ఈ జమ ఖాతా విషయం భావాలకే పరిమితం కాదని లుండ్ బృందమే మరోచోట చూపించింది. 2014లో వెలువడిన ఆ ప్రయోగంలో, తెరమీద కనిపించే అక్షరాల రంగు పేరును పైకి చెప్పమని అడిగారు. ఒక మాట అంటుండగా, ముందే రికార్డు చేసి పెట్టుకున్న అదే మనిషి గొంతులోని మరో మాటను సరిగ్గా అదే క్షణానికి హెడ్‌ఫోన్స్‌లో వినిపించారు. మనిషి అన్నది ఒకటి, తాను అన్నట్టు విన్నది మరొకటి. క్షణం సరిగ్గా కుదిరినప్పుడు మూడింట రెండువంతులకు పైగా మార్పిడులు పట్టుబడలేదు. పట్టుబడని వాటిలో ఎక్కువభాగం, వినిపించిన మాటనే తాము అన్నామని వారు అనుకున్నారు. నోట్లోంచి వచ్చిన మాట సంగతే ఇలా ఉంటే, ఆ మాట మీద సన్నగా పరచుకున్న భావం సంగతి చెప్పేదేముంది.

ఇంత మాత్రం చేత ఈ ఫలితాన్ని నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. ఇలాంటి విషయాల్లో తొందరపడి దెబ్బతిన్న చరిత్ర ఒకటి మన కళ్లముందే ఉంది. 1988లో జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త ఫ్రిట్జ్ ష్ట్రాక్, మరి ఇద్దరు కలిసి చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది: పెన్నును పళ్లతో పట్టుకుంటే ముఖం నవ్వు ఆకారానికి వస్తుంది, అలా పట్టుకుని చూసినవారికి కార్టూన్లు మరింత నవ్వు పుట్టించాయి అని. పాతికేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో వెలిగిన ఆ ఫలితాన్ని 2016లో 17 ప్రయోగశాలలు తిరిగి పరీక్షిస్తే నిలవలేదు. 2022లో 19 దేశాల నుంచి 3,878 మందితో మరొక పెద్ద ప్రయత్నం చేస్తే, పెన్ను విషయం తేలలేదు గాని, నవ్వు ముఖాన్ని అనుకరించినప్పుడు, కావాలని నవ్వు ముఖం పెట్టినప్పుడు మనసు కొంచెం తేలికపడుతుందని తేలింది. కొంచెమే. గొంతు విషయంలో కూడా నేను ఆ 'కొంచెం' అన్న మాటను పట్టుకునే ఉంటాను. ఎవరి గొంతుకైనా మెరుగు పెట్టి వారి బతుకు దిగులు తీర్చగలమని ఎవరైనా అమ్మజూపితే నేను కొనను. ఒక గదిలో, ఎవరో రాసిన కథ చదువుతూ, కొద్ది నిమిషాలపాటు వచ్చిన మార్పు అది.

అయినా ఆ కొంచెం కొట్టిపారేయదగ్గది కాదని చెప్పే మరో తరహా పరిశోధన ఉంది. అందులో గొంతును యంత్రం మార్చదు, మనిషే మార్చుకుంటాడు. 1990లో ఆరన్ సీగ్మన్ బృందం మనుషులను తమకు కోపం తెప్పించిన సంఘటనలను గురించి మాట్లాడమంది: ఒకసారి గట్టిగా, వేగంగా, ఒకసారి మామూలుగా, ఒకసారి మెల్లగా, మృదువుగా. చెప్పే సంగతి కోపం తెప్పించినదే అయినా, గట్టిగా వేగంగా చెప్పినప్పుడు కోపమూ రక్తపుపోటూ పెరిగాయి, మెల్లగా చెప్పినప్పుడు తగ్గాయి. కోపాన్ని కక్కేస్తే చల్లబడుతుందన్న నమ్మకానికి ఇది బాగానే అడ్డం వస్తుంది. మా ఇంట్లో పెద్ద గొంతుతో మొదలైన ఏ వాదనా పెద్ద గొంతు వల్ల చల్లారినట్టు నాకు గుర్తు లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ ఊరిలో మొదటి కాపురం మన చెవిదే.

ఆ తర్వాత యంత్రమూ ఇదే దారిలోకి వచ్చింది. 2018లో జాన్ కోస్టా, మరికొందరు కలిసి, గొడవలున్న విషయాలను గురించి మాట్లాడుకుంటున్న జంటల మీద ఒక ప్రయోగం చేశారు. మాట్లాడుతున్న మనిషికి తన గొంతే మరింత ప్రశాంతంగా మారి వినిపించేటట్టు చేస్తే, అలా విన్నవారిలో ఆందోళన తగ్గింది. ఎదుటివారి మాటలు మారలేదు, గొడవ మారలేదు. తన గొంతు తనకు వినిపించిన తీరు మాత్రం మారింది.

ఇది చదివినప్పుడు నాకు మొదట సంతోషం కలిగింది, వెంటనే గుబులు కూడా. ఎందుకంటే ఇలాంటి మార్పు జరగడానికి కావలసిన దారి ఇప్పటికే చాలామంది చెవుల్లో ఉంది. వినికిడి యంత్రం పెట్టుకున్నవారిని అడగండి: మొదట్లో వారిలో చాలామంది ఫిర్యాదు, తమ గొంతు డొల్ల డబ్బాలోంచి వస్తున్నట్టు మోగుతోందని. చెవి రంధ్రం మూసుకుపోతే ఎముకల గుండా వచ్చే మన గొంతులోని మంద్రధ్వనులు బయటికి పోలేక లోపలే గుమిగూడతాయి. అందుకే కొన్ని వినికిడి యంత్రాలు పెట్టుకున్న మనిషి గొంతును గుర్తుపట్టి, దాన్ని విడిగా సర్దుతాయి. చుట్టూ ఉన్న ధ్వనిని మైకుతో పట్టి లోపలికి అందించే ఇయర్‌ఫోన్స్ కూడా మన గొంతును మనకు తిరిగి అందిస్తున్నవే. వీటిలో ఏదీ ఎవరి భావాన్నీ మార్చాలని చేసినది కాదు. కానీ మన గొంతుకూ మన చెవికీ మధ్య ఒక గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. కాగితం అటునుంచి ఇటు అందించడమే అతని పని అయినా, పెన్ను కూడా అతని చేతిలోనే ఉంది.

ఇక్కడ తేలికగా దొరికే వాదన ఒకటుంది: సహజమైన గొంతు పవిత్రమైనది, దాన్ని ముట్టుకోకూడదు. నేను ఆ వాదన చేయను, ఎందుకంటే అలాంటి గొంతు ఎక్కడా లేదు. మనకు వినిపించే మన గొంతు సగం గాలిలోంచి, సగం పుర్రె ఎముకల్లోంచి వచ్చి కలిసినది. 1940ల చివరలో వినికిడి మీద పరిశోధన చేసిన గెయోర్గ్ ఫాన్ బెకెషీ కొలిచి చూస్తే రెండు వాటాలూ దాదాపు సరిసమానంగా తేలాయి. రికార్డులో మన గొంతు విని "ఇది నేనా?" అని ముఖం చిట్లించడానికి కారణం, అందులో ఎముకల వాటా లేకపోవడమే. ఆ చిట్లింపును కూడా 1966లో హోల్జ్‌మన్, రౌసీ అనే ఇద్దరు పరిశోధకులు శ్రద్ధగా పరిశీలించారు. మనుషులు తమ గొంతులో తాము చెప్పదలచుకోనిది కూడా విని ఉలిక్కిపడతారన్నది వారి అభిప్రాయం. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, పరుపులున్న గదిలో అణిగిపోతుంది, జలుబు చేస్తే ముక్కులో ఇరుక్కుంటుంది. జలుబు చేసిన రోజు అంత దిగులుగా ఉండడంలో ఆ బొంగురు గొంతు వాటా కూడా కొంత ఉందేమోనని నాకు ఈ మధ్య అనుమానం.

కాబట్టి నా అభ్యంతరం మార్పు మీద కాదు, తెలియకపోవడం మీద. గది మోగుతుంటే మోగుతోందని నాకు వినపడుతుంది, జలుబు చేస్తే చేసిందని తెలుస్తుంది. వాటికి ఖాతా ఉంది. కొద్దికొద్దిగా, తెలియని మోతాదులో చేసిన మార్పుకు ఖాతా లేదని, అది వచ్చి నేరుగా నా పేరున జమ అవుతుందని పై ప్రయోగమే చెబుతోంది. ఫోటోలో ముఖానికి మెరుగు పెడితే అద్దంలో చూసుకుని తేడా తెలుసుకోగలం. గొంతుకు అద్దం చెవే. ఆ చెవి దగ్గరే మార్పు జరిగితే ఇక పోల్చుకోవడానికి మరో అద్దం లేదు. మంచికోసం చేసినదైనా సరే. గొడవలో ఉన్న మనిషికి తన గొంతు ప్రశాంతంగా వినపడి మనసు నెమ్మదించడం బాగానే ఉంది గాని, ఆ కోపం న్యాయమైనదైతే? గొంతు వణుకుతుంటేనే కదా, తాను భరించలేనిది ఏదో జరుగుతోందని చాలామంది మొదటిసారి గుర్తుపట్టేది. ఆ వణుకును వారికి వినపడకుండా చేయడం అంటే, వారికి రావలసిన ఉత్తరాన్ని దారిలోనే విప్పి, కొన్ని వాక్యాలు కొట్టేసి, మళ్లీ అంటించి ఇవ్వడం.

అడిగేది ఎక్కువేమీ కాదు. మన గొంతును మన చెవికి తిరిగి అందించే ఏ పరికరమైనా అందులో ఏం మారుస్తున్నదో పెట్టుకునే మనిషికి చెప్పాలి, ఆ మార్పును తీసేసే మీట అతని చేతికే అందాలి. ఈ పని ఇతరులకు వినిపించే గొంతు విషయంలో కంటే ఇక్కడ ఎక్కువ అవసరం. 2024లో జపాన్‌లోని సాఫ్ట్‌బ్యాంక్ సంస్థ, ఫోనులో అరిచే వినియోగదారుల గొంతును మెత్తబరిచి ఉద్యోగులకు వినిపించే సాంకేతికతను ప్రకటించినప్పుడు, అది మంచిదా చెడ్డదా అని వాదించుకోవడానికి ఇద్దరు మనుషులున్నారు: అరిచినవాడు, విన్నవాడు. నా గొంతు నాకే మార్చి వినిపిస్తే ఫిర్యాదు చేయడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఆ హాస్యకథలను వారం తర్వాత మళ్లీ మొదటినుంచి చదివాను. హెడ్‌ఫోన్స్‌లో అన్ని మీటలూ మధ్యకు తెచ్చామని ఆ కుర్రవాడు రెండుసార్లు చూపించాడు. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్న చోట నవ్వు ఆగక రికార్డింగు ఆపవలసి వచ్చింది. మీటలు సరిచేశారని ముందే తెలిసి చదివాను కాబట్టి దీనికి కూడా రుజువు కింద విలువ లేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక నవల వచ్చింది, చివరి అధ్యాయాల్లో తల్లి చనిపోతుంది. అతను కొంచెం మొహమాటపడుతూ, "మేడమ్, పాత సెట్టింగు దాచి పెట్టాను, ఈ భాగానికి వేయమంటారా?" అని అడిగాడు. నేను కాసేపు ఆలోచించి, వేయమన్నాను. అయితే మీట నా వైపు బల్ల మీద పెట్టమన్నాను. దాన్ని నేనే తిప్పాను, సగం దాకా. చదువుతూ చదువుతూ తల్లి చేతిని కొడుకు దుప్పటి కింద పెట్టే చోటికి వచ్చేసరికి నాకు నిజంగానే గొంతు డగ్గుత్తిక పడింది. ఇది పుస్తకం వల్ల వచ్చిందో మీట వల్ల వచ్చిందో చూద్దామని ఎడమ చెవి మీదినుంచి హెడ్‌ఫోను పక్కకు జరిపి, అదే వాక్యం మళ్లీ చదివాను. గొంతు అలాగే ఉంది. కుడి చెవిది కూడా తీశాను.